పాత ఎడిషన్ అమ్మాయి

"పాచిక వేస్తే సరిపోదండీ. ఆ కాపలావాడితో ఏమంటారో నోటితో చెప్పండి."

యాదగిరి పాచికల మీంచి తలెత్తి చూశాడు. ఎదురుగా కూర్చుని నిలదీస్తున్న ఆ అమ్మాయి పేరు కమలాకుమారి అని అతనికి అప్పుడే తెలిసింది. పరిచయమైన తొలి క్షణంలోనే పరీక్ష పెట్టేసింది మహాతల్లి.

అది 2002 వానాకాలం. భానూర్ దగ్గరి ఫ్యాక్టరీ కాలనీలో, సూర్యప్రకాశరావు గారి క్వార్టర్ వరండాలో ఆదివారం భోజనాలయ్యాక ఓ ఆట సాగేది. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో వీరుడో మంత్రగాడో దొంగో అయిపోయి, గుహల్లోకి దిగి రాక్షసులతో తలపడతారు. అటో ఇటో తేలనప్పుడు పాచికలు వేస్తారు. కథ చెప్పేది రావుగారమ్మాయి కుమారి. చిన్నప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకాన్ని బొమ్మలు చూసి, ఏడ్చి మరీ కొనిపించుకుంది. ఆట అందులోంచి నేర్చుకున్నదే.

యాదగిరిది ముత్తంగి. రైతు పెంటయ్య కొడుకు, పటాన్‌చెరులో లేత్ మిషన్ మీద పని. అతనితో కలిసి డిప్లొమా చదివిన కాలనీ కుర్రాడు బాపిరాజు ఆటకు లాక్కొచ్చాడు. ఉత్త చేతులతో ఏం వెళ్తామని యాదగిరి సంగారెడ్డి నెట్ సెంటర్లో అదే ఆట కొత్త ఎడిషన్ రూల్స్ ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి పట్టుకొచ్చాడు. అదే కొంప ముంచింది.

కొత్త ఎడిషన్‌లో అన్నిటికీ లెక్కుంది. ఎవరినైనా ఒప్పించాలంటే ఒప్పించే నేర్పుకు కొన్ని పాయింట్లు, పాచిక వెయ్యి, అయిపోయింది. కుమారి దగ్గరున్న పాత ఎడిషన్‌లో ఆ లెక్కే లేదు.

"ఇందుల అన్నీ క్లియర్‌గ ఉన్నయి మేడం. మీ దాంట్ల సగం రూల్సే లేవు," అన్నాడు.

"లేవు కాబట్టే మనం మాట్లాడుకోవాలి," అంది కుమారి పేజీలు తిరగేస్తూ. "ఇది ఆటా, ఎక్కాల పుస్తకమా?"

బాపిరాజు పకపకా నవ్వాడు. యాదగిరి చెవులు వేడెక్కాయి. ఈ పిల్లకెంత పొగరు అనుకున్నాడు. మళ్లీ ఈ గడప తొక్కితే ఒట్టు అనుకున్నాడు. పై ఆదివారం అన్నం సగంలో వదిలేసి షేర్ ఆటో ఎక్కాడు.

అసలు అతని బాధ రూల్స్ కాదు. ఆ వరండాలో అందరిదీ కోస్తా మాట. తను నోరు విప్పితే "ఏంది", "గట్ల" అని వస్తుంది. ఆ మాటకు నవ్వినవాళ్లను చదువుకునే రోజుల్లోనే చూశాడు. పాచికకు యాస ఉండదు కదా, అందుకే కొత్త ఎడిషన్ మీద అంత ప్రేమ. ఈ సంగతి చచ్చినా చెప్పడు.

పాత ఎడిషన్‌లో పాత్ర పుట్టడమూ వింతే. బలం, తెలివి అన్నీ పాచికలు పడ్డ వరసలోనే రాసుకోవాలి, మార్చుకోవడానికి లేదు. యాదగిరికి బలం అంతంతమాత్రం పడింది, చేతివాటం మాత్రం అదిరింది. దొంగ అయ్యాడు. పేరేం పెడతారని కుమారి అడిగితే కంగారులో తాత పేరు చెప్పేశాడు. అలా తెల్లదొరల గుహలోకి ముత్తంగి కొమురయ్య దిగాడు!

తాత పేరుతో పాటు తాత మాటా వచ్చింది. ఒకరోజు వంతెన కింది రాక్షసుడు దారి అడ్డగించి, తినడానికి ఒక మనిషిని వదిలి వెళ్లమన్నాడు. కొమురయ్య బాపిరాజును చూపించి, అంగట్లో ఎద్దును బేరమాడినట్టు మొదలుపెట్టాడు.

"జెర సూడు పటేలా. వీన్ని తింటే నీకేమొస్తది? అన్నీ బొక్కలే, కండే లేదు. గింత దానికి పొయ్యి అంటుపెట్టుడు, కట్టెలు దండుగ."

కుమారి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. రాక్షసుడు దారి ఇచ్చేశాడు, పాచిక ముట్టే పనే పడలేదు. ఆ నవ్వులో వెటకారం లేదని యాదగిరికి తెలిసింది. కొత్త ఎడిషన్‌లో అయితే ఒక్క పాచికతో తేలిపోయేది, ఈ నవ్వెక్కడిది? ఇంటికెళ్లి స్పైరల్ పుస్తకాన్ని అటకెక్కించాడు.

ఇక చూడాలి అతని ఆరాధన! బయట వాన పడుతుంటే ఆమె గొంతు తగ్గించి గుహలో చీకటిని వర్ణించేది. రూలు లేని చోట కాసేపు ఆలోచించి, అందరికీ సబబనిపించే తీర్పు చెప్పేది. ఏ పుస్తకంలో ఉంది ఇంత తెలివి అని అతను నోరు తెరుచుకుని చూసేవాడు.

ఇంతలో రావుగారు రిటైరయ్యారు. నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేసి తణుకు వెళ్లిపోతారని బాపిరాజు చెప్పాడు. యాదగిరికి ఆ వారమంతా మిషన్ మీద చెయ్యి నిలవలేదు. ఆఖరి ఆదివారం చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదు. చెప్పాలనే బయల్దేరాడు, వరండా ఎక్కి ఎప్పటిలా తన చోట కూర్చుండిపోయాడు.

లోపల రావుగారు, ఆయన భార్య అరుణమ్మగారు గిన్నెలు మూటగడుతున్నారు. బయట ఆట నడుస్తోంది. గుహలో చివరి తలుపు దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉందట. కావలసిందేదో నిజం చెప్పినవాళ్లకే తలుపు తీస్తుందట. బాపిరాజు బంగారం అడిగాడు. కుమారి ఇటు తిరిగింది.

"నీకేం కావాలి కొమురయ్యా?"

యాదగిరి ఆమెను చూశాడు. వెనకాల తాళ్లు కట్టిన అట్టపెట్టెలను చూశాడు.

"మీరు పోవద్దు కుమారి గారూ," అన్నాడు. "ఆట కోసం గాదు. మీరంటే నాకు పానం. మిమ్ముల పెండ్లి చేసుకోవాలనున్నది."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ వరండాలో ఒక కట్టుబాటుంది. ఆట మధ్యలో ఎవరేమన్నా పాత్ర అన్నట్టే లెక్క. టీ తాగుదామన్న పాపానికి బాపిరాజు వీరుడు ఓసారి శత్రువులను టీ అడిగి తన్నులు తిన్నాడు. ఇప్పుడు స్నేహితుణ్ణి కాపాడాలని వాడే ఆ కట్టుబాటు ఎత్తాడు. అన్నది కొమురయ్య కాబట్టి ముసలమ్మకే చెల్లుతుందని, ఆవిడ ఏమనుకుందో తేల్చడానికి వెయ్యమని పాచికలు ముందుకు తోశాడు. తప్పించుకునే దారి దొరికింది. యాదగిరి పాచికలు పక్కకు జరిపాడు.

"కొమురయ్య గాదు. నేనే అన్న."

కుమారి పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. తన మాటకు నవ్వుతారని భయపడ్డానన్నాడు.

"నవ్వాను కదా, కడుపు నొప్పి పుట్టేలా. పాత పుస్తకం నాకు మొదట్నుంచీ ఇష్టమే. మీరొచ్చాక దాన్ని పట్టుకుని వేలాడింది మాత్రం మీ మాట వినడానికే. నాకూ వెళ్లాలని లేదు."

రావుగారు చేతిలో మూకుడుతోనే బయటికొచ్చారు. యాదగిరి లేచి నిలబడ్డాడు. ఆయన కూతురి వంక చూశారు. కుమారి తల దించుకోలేదు. ఆయన మూకుడు అట్టపెట్టె మీద పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

"మీ నాన్నగారితో నేను మాట్లాడాలి," అన్నారు చివరికి. "తణుకు సంగతి తర్వాత చూద్దాం, క్వార్టర్ మాత్రం ఎలాగూ ఖాళీ చెయ్యాలి. మీ ముత్తంగిలో అద్దెకు ఇళ్లు దొరుకుతాయా అబ్బాయ్?"

"మా ఇంటి పక్కపొంటే ఖాళీగున్నది సార్. కిరాయి గూడ తక్కువ."

"పక్కిల్లొద్దయ్యా. వియ్యంకులు మరీ గోడకి గోడ ఉంటే బాగుండదు. రెండు వీధులవతల చూడు."