బరువెక్కిన డిస్కు

"కిందటేడు పుట్టగొడుగులు ఎక్కడ దొరికాయి?" గోడకేసి చూస్తూ అడిగాడు వెసా హున్నాకో.

"చర్చి వెనకాల, పైన్ చెట్ల కింద," అంది మూల బల్ల దగ్గర దాల్చినచెక్క బన్ను తింటున్న ఆవిడ.

వెసా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుట్టగొడుగులు దొరికే చోటు ఆ దేశంలో కన్నకూతురికి కూడా చెప్పరు. అడగ్గానే నిజం చెప్పారంటే వాళ్ళు కచ్చితంగా డిపార్ట్‌మెంట్ మనుషులే. అంతకంటే మంచి కోడ్ వాక్యం ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు.

ఆవిడ పేరు రైలి. వ్యాపార రహస్యాలు కాపాడే ఆ విభాగానికి చీఫ్. ఆఫీసులో గోడలకు చెవులుంటాయని బ్రీఫింగులన్నీ పెట్రోల్ బంకు పక్కన ఉన్న ఈ కాఫీ హోటల్లోనే పెడుతుంది.

"హల్లా కంపెనీ తెలుసుగా?"

"తెలియకేం? సిర్క్కా ఔవినెన్‌ది. నిన్నమొన్నటి దాకా బెర్రీ బకెట్లు, మంచు తోసే పారలు చేసేది. ఇప్పుడు డిస్కులు చేస్తోంది."

"శుక్రవారం కైస్లారంత డిస్కు టోర్నమెంట్ ఫైనల్స్‌లో ఆ కంపెనీని చంపేస్తారట."

వెసా కాఫీ కప్పు ఠపీమని బల్ల మీద పెట్టాడు. ఆ దేశంలో నాలుగు చెట్లున్న ప్రతిచోటా గొలుసులు వేలాడే ఇనుప బుట్టలుంటాయి. దూరం నుంచి డిస్కు విసిరి బుట్టలో పడెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లకు పడితే అంత గొప్ప. ఆట వీళ్ళది, అడవి వీళ్ళది, డిస్కులు మాత్రం గ్రాన్‌వెల్ అనే విదేశీ కంపెనీవి. కొత్తవాడెవడైనా తల ఎత్తితే దుకాణాలను బెదిరించి, ఆటగాళ్ళను కొనేసి, నెలల్లో నలిపేస్తుంది. సిర్క్కా డిస్కులను మొదట ఒక్క కొట్టువాడూ అరలో పెట్టలేదు. ఆవిడ ఫ్యాక్టరీని తాకట్టు పెట్టి ఎల్మో పిర్ట్టిమాను స్పాన్సర్ చేసింది. భుజం పాడైందని గ్రాన్‌వెల్ బయటికి తోసేసిన ఛాంపియన్ అతను. ఆ వేసవి అతను వరసగా గెలిచాడు. నిన్నటిదాకా మొహం చాటేసిన కొట్లవాళ్ళే హల్లాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు.

"ఎవరు చెప్పారు?"

"కారిన్."

వెసా పళ్ళు నూరాడు. కారిన్ టోర్నమెంట్ లైవ్ కామెంటేటర్. ఎర్రజుట్టు, వెన్నలాంటి గొంతు. మైకు పట్టుకుంటే చెట్లు కూడా వింటాయి. గ్రాన్‌వెల్ ముఠాలో ఉంటూ రైలికి కబుర్లు చేరవేస్తుంది.

"ఫ్యాక్టరీలో డిస్కుల అచ్చు ఎత్తుకుపోతారని చెప్పింది," అంది రైలి. "అక్కడ మనవాళ్ళను పెట్టాను. కానీ దాని మాట సగమే నమ్ముతాను. నువ్వు ఎల్మో బ్యాగు మోసేవాడిగా వెళ్ళు. ఇదిగో, టోపీలో ఇయర్‌పీస్. ఈ ఫ్లాస్కు మూతలో మాటలు కూడా రికార్డయ్యే కెమెరా, అడుగున త్రాసు."

"కాఫీ పడుతుందా?"

"పట్టదు."

"ఇంకెందుకిది? మన ఇంజనీర్లకు బొత్తిగా బుద్ధి లేదు."

"వెసా, కోపం తగ్గించుకో."

"తగ్గదు. మా ఊరి కాగితం మిల్లును కూడా బయటివాళ్ళు ఇలాగే మూసేశారు. మా నాన్న చివరి రోజు టిఫిన్ డబ్బా తీసుకుని ఇంటికి ఎలా వచ్చాడో నేను చూశాను."

రైలి ఫ్లాస్కును అతని వైపు జరిపింది. ఆవిడది కూడా ఆ ఊరే.

* * *

శుక్రవారం యుహన్నుస్, నడివేసవి పండగ. రాత్రంతా కురిసిన వాన మధ్యాహ్నానికి వెలిసింది. సరస్సు ఒడ్డున, పద్దెనిమిదో బుట్టకు పక్కగా, ఊరివాళ్ళు పండగ మంట కోసం కట్టెలు పేర్చారు. ఆ పక్కనే సిర్క్కా తన ఫ్యాక్టరీ జనంతో బల్ల వేసుకుని ప్రేక్షకులకు కాఫీ, సాసేజీలు పంచుతోంది. పొట్టి మనిషి, వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. అందరి ఒంటి మీదా హల్లా నీలం చొక్కాలే. ఫ్యాక్టరీ కుట్టు గదిలో ఆడవాళ్ళు కుట్టినవి.

"బాబూ, గడ్డాలాయనా, మావాడిని జాగ్రత్తగా చూసుకో," అంటూ వెసా చేతిలో సాసేజ్ పెట్టింది. "వాడి భుజం నొప్పెడితే నాకు నిద్ర పట్టదు."

వెసా అంటించుకున్న ఎర్రగడ్డం కింద చర్మం దురద పెడుతోంది. తలూపి సాసేజ్ కొరికాడు.

ఆట మొదలయ్యే ముందు అధికారులు అందరి బ్యాగులూ తనిఖీ చేశారు. డిస్కు బరువుకు ఓ హద్దు ఉంటుంది. దాటితే ఆటగాడు ఔట్, తయారుచేసిన కంపెనీ అనుమతికే ఎసరు. ఎల్మో బ్యాగులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అతను తన ఫోన్ వెసాకిచ్చి, "మోగనివ్వకు," అన్నాడు.

ఏడో బుట్ట దగ్గర ఎల్మో విసురు వంకరపోయి పొదల్లో పడింది. అంత తేలిక విసురు అతను తప్పడం వెసా ఎప్పుడూ చూడలేదు. "నేనే వెతుక్కుంటా, నువ్వు రావద్దు," అని ఎల్మో ఒక్కడే పొదల్లోకి వెళ్ళాడు. చాలాసేపటికి తన డిస్కుతో బయటికొచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

తొమ్మిదో బుట్ట దగ్గర వెసా జేబులో ఎల్మో ఫోన్ వణికింది.

"ఎల్మోనా?" అంది ముసలి గొంతు. "నా పేరు హిల్క్కా. ఏడో బుట్ట దగ్గర పొదల్లో నీ డిస్కు దొరికింది నాయనా. మా కుక్క పట్టుకొచ్చింది. వెనక నీ పేరూ నంబరూ ఉంటే చేశాను. నేనిక్కడే ప్రేక్షకుల తాడు అవతల ఉన్నా, ఎర్ర గొడుగు."

వెసా అటు పరుగెత్తాడు. అక్కడ ఆడేవాళ్ళంతా డిస్కు వెనక పేరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. దొరికినవాళ్ళు యజమానికి ఫోన్ చేస్తారు. చేయనివాడిని ఊళ్ళో మనిషిగా లెక్కపెట్టరు.

"కుక్క పళ్ళ గాట్లు పడలేదులే," అంది హిల్క్కా సంజాయిషీగా. "అయినా ఇంత బరువేంటి బాబూ? మా మనవడివి దూదిలా ఉంటాయి."

వెసా డిస్కును ఫ్లాస్కు అడుగున పెట్టాడు. త్రాసు ముల్లు హద్దు దాటి అవతలికి పోయింది. అంచులో లోహపు పొడి కూరారు. పైన హల్లా ముద్ర, కింద అచ్చం ఎల్మో చేతిరాత. అతని బ్యాగులో పేరు లేని డిస్కు కనిపిస్తే అనుమానం వస్తుందని ముఠావాళ్ళు నంబరుతో సహా రాశారు. ఆ నంబరుకు నిజంగా ఎవరైనా ఫోన్ చేస్తారని వాళ్ళకు తట్టలేదు. వాళ్ళ దేశంలో దొరికింది జేబులో వేసుకుంటారు కాబోలు.

వెసా వెనక్కి వచ్చి మామూలుగా అడిగాడు. "నీ డిస్కేదైనా పోయిందా?"

ఎల్మో కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. "నిన్న ప్రాక్టీసులో ఒకటి పోయింది. ఎందుకు?"

"ఊరికే."

రాత్రంతా వాన. నిన్న పోయినదైతే బురదలో నానాలి. ఆ డిస్కు మీద మట్టి చుక్క లేదు. వెసాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తనిఖీ అయ్యాక అందుకోవడానికి డిస్కును పొదలో పెట్టించింది ముఠా. అందుకోవలసినవాడు ఎల్మోయే. సిర్క్కా నిద్ర మానుకుని కాపాడుతున్న ఎల్మో!

"రైలీ, దొంగ బయటివాడు కాదు. మనవాడే," టోపీలో గొణిగాడు. "ఇప్పుడే మెడ పట్టుకుని అందరి ముందూ నిలబెడతా."

"ఆగు! హల్లా ఆటగాడి కోసం హల్లా ముద్రతో దొంగ డిస్కు దొరికిందని నువ్వు అరిస్తే జనం ఎవర్ని తిడతారు? సిర్క్కానే. గ్రాన్‌వెల్ పని నువ్వే చేసిపెట్టినట్టవుతుంది. బ్యాగు శుభ్రంగా ఉండాలి, ఆట శుభ్రంగా ముగియాలి. ఆ డిస్కు నాకు పంపు."

"పెర్కెలే!" అని తిట్టుకుని వెసా డిస్కును ఎర్ర గొడుగుకే అప్పగించాడు. హిల్క్కా దాన్ని రైలి కారు దాకా చేర్చింది, ప్రశ్న వేయకుండా.

పన్నెండో బుట్ట దగ్గర విరామం. కారిన్ మైకుతో వచ్చి ఎల్మోను కౌగిలించుకుంది, కెమెరా ముందు నవ్వించింది, తన వానకోటు తీసి అతని బ్యాగు మీద పడేసింది. ఇంటర్వ్యూ అయ్యాక కోటు తీసుకుంటూ వెసా వైపు తిరిగి కన్ను గీటింది.

"ఫ్యాక్టరీ దగ్గర అంతా కులాసాయేనా?" అంది మెల్లగా.

"నీ దయ వల్ల అక్కడ ఈగ కూడా వాలలేదు. నువ్వు ఎవరి మనిషివి తల్లీ?"

"ఎవరు గెలిస్తే వాళ్ళ మనిషిని."

వెసా బ్యాగు అందుకోబోయాడు. ఎల్మో చటుక్కున లాక్కున్నాడు.

"ఇక నేనే మోసుకుంటా."

"నీ భుజమో?"

"నా భుజం నా ఇష్టం."

రెండో డిస్కు కారిన్ కోటు కింద నుంచి బ్యాగులోకి వెళ్ళిపోయిందని వెసాకు అర్థమైంది. అక్కడి నుంచి ప్రతి బుట్ట దగ్గరా ఎల్మో చేతినే చూస్తూ నడిచాడు. గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. సర్దుకునే ఓపిక లేదు.

పద్దెనిమిదో బుట్ట. ఎల్మో మూడు విసుర్ల ఆధిక్యంలో ఉన్నాడు. ఒడ్డున పండగ మంట అంటించారు. సాయంత్రమైనా సూర్యుడింకా నడినెత్తిన ఉన్నట్టే ఉన్నాడు. సిర్క్కా బల్ల వదిలి తాడు దగ్గరికి వచ్చి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిడ వెనక ఆవిడ జనం. గ్రాన్‌వెల్ ప్రతినిధి ప్రెస్కాట్ అధికారుల పక్కన చేరి గడియారం చూసుకుంటున్నాడు. ఎల్మో విసరగానే ఫిర్యాదు చేస్తాడు. కెమెరా ముందే తూస్తారు. అంతటితో హల్లా కథ కంచికి.

ఎల్మో బ్యాగు అడుగు అరలోంచి నీలం డిస్కు తీశాడు. వెసా అతనికీ కెమెరాకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"అది పెట్టెయ్," అన్నాడు పళ్ళ బిగువున.

"తప్పుకో."

"ఎంతకు అమ్ముడుపోయావురా?"

ఎల్మో ఉలిక్కిపడ్డాడు. తర్వాత అతని మొహం రాయి అయింది. "నా భుజం ఇంకో ఏడాది కూడా ఆగదు. గ్రాన్‌వెల్ జీవితాంతం ఉద్యోగం ఇస్తానంది. సిర్క్కా ఏమిస్తుంది, బకెట్లా?"

"నువ్వు కూడా ఔటవుతావు కదరా మూర్ఖుడా!"

"కంపెనీ నాకు చెడ్డ డిస్కులు అంటగట్టిందని ఏడుస్తాను. జనం నన్ను చూసి జాలిపడతారు."

"ఆవిడ నీ కోసం ఫ్యాక్టరీనే పణం పెట్టింది. అటు చూడు, ఆత్రం పట్టలేక నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది!"

"నేను పెట్టమన్నానా?"

ఆ మాటతో వెసా ఓపిక తెగిపోయింది. ఎల్మో చేయి వెనక్కి లేచింది. విసురు బయల్దేరే ఘడియలో వెసా ఆ డిస్కును లాక్కుని తానే విసిరేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతని గురి ఎన్నడూ కుదరలేదు. ఆ రోజు కుదిరింది. డిస్కు గాల్లో తిన్నగా ఈదుకుంటూ వెళ్ళి పండగ మంట నడిబొడ్డున పడింది.

జనం హాహాకారాలు చేశారు. కారిన్ గొంతు స్పీకర్లలో కీచుమంది. నల్లటి పొగ లేచి, ప్లాస్టిక్ కాలిన కంపు ఒడ్డంతా కమ్మింది. అధికారులు పరుగెత్తుకొచ్చారు. బ్యాగు మోసేవాడి దుష్ప్రవర్తనకు ఎల్మోకు రెండు విసుర్ల జరిమానా వేసి, వెసాను మైదానం నుంచి గెంటేశారు.

పోతూ పోతూ అతను ఎల్మో చెవిలో అన్నాడు. "మొదటి డిస్కు మా దగ్గరుంది. నువ్విప్పుడు వాగినదంతా ఈ ఫ్లాస్కులో ఉంది. ఆవిడ డిస్కుతో ఆవిడ కోసం శుభ్రంగా ఆడు. లేదంటే రేపు జైల్లో ఆడుకుంటావు."

ఎల్మో ఒకసారి ప్రెస్కాట్ వైపు చూశాడు. అయినా మంచి డిస్కు తీసి విసిరాడు. తడబడుతూ బుట్ట దాకా తెచ్చి, చివరికి గొలుసులు గలగలమనిపించాడు. ఒక్క విసురు తేడాతో గెలిచాడు.

ప్రెస్కాట్ గొంతు చించుకున్నాడు. "తూచండి! బ్యాగులో ప్రతి డిస్కూ తూచండి!"

తూచారు, కెమెరాల ముందు, ఒక్కొక్కటీ. ఒక్కటి కూడా హద్దు దాటలేదు. హల్లా డిస్కులు ఎంత కచ్చితంగా చేస్తారో ఆ సాయంత్రం ఖండాలు దాటి జనం చూశారు. ఆ అంకెలన్నీ తన వెన్నలాంటి గొంతుతో పైకి చదవాల్సి వచ్చింది కారిన్‌కు. చదవడం కాగానే రైలి వచ్చి ఆమె చేతిలోంచి మైకు తీసుకుని, చేయి పట్టుకుని కారు వైపు నడిపించింది.

అప్పటికే సిర్క్కా వెసా మీద పడింది. "నా డిస్కును మంటలో వేస్తావా? నీకేం పోయేకాలం! ఎవడు పంపాడు నిన్ను?"

వెసా ఊడిన గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు. జరిగిందంతా ఆవిడకు నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఫ్లాస్కు ఆవిడ చెవి దగ్గర పెట్టి ఎల్మో మాటలు వినిపించాడు.

సిర్క్కా ఏడవలేదు. మెడ మీద నరం ఒకటి ఉబ్బింది, అంతే. జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కింది. కప్పు పట్టుకుని నిలబడ్డ ఎల్మో ఆవిడను చూసి నవ్వబోయాడు.

"చొక్కా విప్పు," అంది సిర్క్కా.

"సిర్క్కా, నేను..."

"నోరెత్తకు. నీ భుజం నొప్పని బరువులెత్తనివ్వలేదు. నీ అన్నం ముందు, మా జీతాలు వెనక అనుకున్నాం. నువ్వు మమ్మల్ని చంపి మా మీదే ఏడుద్దామనుకున్నావు. ఆ చొక్కా మా ఆడవాళ్ళు కుట్టింది. ఇలా ఇవ్వు."

మైకు లేదు కాబట్టి కింద ఎవరికీ వినపడలేదు. ఛాంపియన్ తన చొక్కాను కంపెనీకి జ్ఞాపకంగా ఇస్తున్నాడనుకుని జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఎల్మో ఆ చప్పట్ల మధ్య చొక్కా విప్పాడు. సిర్క్కా దాన్ని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని వెనక్కి చూడకుండా దిగిపోయింది. కింద నీలం చొక్కాల జనం ఆవిడకు దారిచ్చారు. ఏదో జరిగిందని వాళ్ళకు మాత్రం తెలిసిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

ప్రెస్కాట్ వేదిక దరిదాపుల్లో లేడు. పని చెడిన మనిషికి గ్రాన్‌వెల్ చొక్కా కూడా దొరకదు. ఫొటోగ్రాఫర్లు మాత్రం వదలకుండా కప్పు ఎత్తమన్నారు, నవ్వమన్నారు, ఇటు తిరగమన్నారు. సరస్సు మీది నుంచి పండగనాటి దోమలు గుంపులుగా లేచి వచ్చి, స్పాన్సర్ లేని ఆ ఒంటిని ఖాళీ లేకుండా పంచుకున్నాయి.