నత్త జేబులో గుండీలు

ఆటల టీచర్ రెండు నోటుబుక్కుల్ని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆటల గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. కూపీ మెడ సాచి రెండో నోటుబుక్కులోకి తొంగి చూసి, కళ్ళు చిన్నవి చేసింది.

"ఒకే రోజు, ఒకే దారి. కలిసి వెళ్ళారు, కలిసి వచ్చారు," అంది టీచర్. "ఇందులో ముప్పై రెండు కిలోమీటర్లు. అందులో ఇరవై నాలుగు. మిగతా ఎనిమిది ఎక్కడ పడిపోయాయి?"

ముప్పై రెండు కూపీది. ఇరవై నాలుగు నత్తది.

అవి వాళ్ళ అసలు పేర్లు కావులెండి. ఎవరేం దాచినా కూపీ లాగందే వదలదు కాబట్టి ఆ పిల్ల కూపీ అయింది. ఇంట్లో ఒక బిస్కెట్ తగ్గితే అందరి వేళ్ళూ వాసన చూసే రకం. ఇక నత్త ఏ పనికీ కంగారుపడదు. అన్నమైనా, లెక్కలైనా, సైకిలైనా నింపాదిగానే. ఇద్దరూ ఆరో తరగతి, ఒకే బెంచీ.

ఇంకో పదకొండు రోజుల్లో సైకిల్ యాత్ర ఉంది. సరస్సు దాకా నలభై కిలోమీటర్లు, మధ్యలో మూడు కొండలు. కిందటేడు మూడో కొండ మీద ఒకమ్మాయికి కాళ్ళు పట్టేసి, ఎండలో కూలబడిపోయింది. అప్పట్నించీ టీచర్ ఒక షరతు పెట్టింది. ముందుగా ఒకే రోజులో ముప్పై రెండు కిలోమీటర్లు, ఒక కొండతో సహా, తొక్కి చూపించాలి. జంటలో ఇద్దరికీ లెక్క కుదిరితేనే ఇద్దరూ వస్తారు. ఒకరికి తగ్గినా ఇద్దరూ ఇంటి దగ్గరే.

కూపీకి ఆ సరస్సు చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. రెండు నెలలుగా ఇంట్లో అదే పాట.

"నా సైకిల్‌కి దూరం కొలిచే మీటరుంది టీచర్. మా బాబాయి తన సైకిల్‌కి కొత్త మీటరు కొనుక్కుని పాతది నాకిచ్చాడు," అంది కూపీ. "మీటరుకి అబద్ధం చెప్పాల్సిన అవసరమేంటి?"

"నువ్వెలా లెక్కపెట్టావు?" అని టీచర్ నత్తని అడిగింది.

నత్త జేబులోంచి గుప్పెడు గుండీలు తీసింది. "కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా ఒక గుండీ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుస్తాను టీచర్."

కూపీకి నవ్వాగలేదు. టీచర్ మాత్రం నవ్వలేదు. "శుక్రవారం దాకా టైమిస్తున్నాను. తేడా ఎక్కడుందో మీరే తేల్చుకుని రండి," అని నోటుబుక్కులు తిరిగిచ్చేసింది.

వరండాలోకి రాగానే కూపీ విచారణ మొదలుపెట్టింది.

"ఏదీ, నీ జేబులు చూపించు."

"ఎందుకే?"

"చిల్లుందేమో చూడాలి."

నత్త రెండు జేబులూ బయటికి లాగి చూపించింది. కూపీ వేలు పెట్టి కుట్టు చివరిదాకా తడిమింది. చిల్లు లేదు. కూపీ అనుమానం ఇంకా పెరిగింది. చిల్లుంటే పొరపాటు అనుకోవచ్చు. లేదంటే కావాలని చేసిందన్నమాట.

"ఈ గుండీలు ఎక్కడివి?"

"మీ అమ్మనే అడిగి తెచ్చుకున్నాను."

మా అమ్మని మచ్చిక చేసుకుంటోందన్నమాట, అనుకుంది కూపీ. అలా అనుకుంటూ పోతే అన్నీ సరిగ్గా అతికినట్టు కనిపించాయి. కిందటి వారం కొండ ఎక్కేటప్పుడు నత్త సగంలో సైకిల్ దిగి నడవలేదూ? యాత్ర మాటెత్తితే నత్త ఎప్పుడూ ఎగిరి గంతెయ్యలేదే. తన లెక్క తగ్గించి రాస్తే ఇద్దరూ ఆగిపోతారు. అప్పుడు నత్త భయపడిందని ఎవరికీ తెలీదు.

"నీకు కొండంటే భయం. అందుకే తక్కువ రాశావు," అంది కూపీ.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

నత్త మొహం ఎర్రబడింది. గుండీలు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. చూశావా, జారుకుంది, అనుకుంది కూపీ.

మర్నాడు బడి గంటకి ముందే కూపీ గ్రౌండులోకి సైకిల్ తెచ్చింది. ఒక చుట్టు నాలుగు వందల మీటర్లని అక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పది చుట్లంటే నాలుగు కిలోమీటర్లు. మీటరు మీద నాలుగు కనిపించగానే టీచర్‌కి చూపించాలి. దాంతో నత్త పని సరి.

పది చుట్లు తిరిగింది. మీటరు అయిదుం పావు దాటి చూపించింది.

చుట్లు తప్పు లెక్కపెట్టానేమో అనుకుంది. ఈసారి చుట్టుకొక రాయి చొప్పున గోడ పక్కన పెడుతూ మళ్ళీ పది తిరిగింది. రాళ్ళు పదే ఉన్నాయి. మీటరు మళ్ళీ అంతే ఎక్కింది. గ్రౌండు మీద అనుమానం వచ్చింది. కొలిచినవాళ్ళ మీద అనుమానం వచ్చింది. చివరికి గోడ మీద అంకె రాసిన పెయింటర్ మీద కూడా వచ్చింది. మీటరు మీద మాత్రం రాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఎవరివో యూనిఫారాలు గుట్టగా పడున్నాయి.

"అమ్మా, మా బడి గ్రౌండు కొలత తప్పు," అంది కూపీ, సైకిల్ తలుపుకి ఆనించి.

అమ్మ నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. సంగతంతా విని, "నేను కుట్టిన చొక్కా బిగుతైతే వేసుకున్నవాళ్ళని లావయ్యావంటానా? ముందు నా టేపు చూసుకుంటాను. ఇంతకీ నీ మీటరు దేంతో కొలుస్తుంది?" అంది.

"చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది."

"అయితే చక్రం కొలువు."

అమ్మ బట్టల మీద గీతలు గీసే సుద్ద ఇచ్చింది. కూపీ టైరు మీదొక గీత, దాని కింద నేల మీదొక గీత గీసింది. టైరు గీత మళ్ళీ నేలని తాకేదాకా సైకిల్ నెట్టి, అక్కడింకో గీత గీసింది. అమ్మ టేపు పరిచింది. నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు.

కూపీ మీటరు బటన్ నొక్కి పట్టుకుంది. చక్రం ఒకసారి తిరిగితే ఎన్ని సెంటీమీటర్లని మీటరు లెక్కేస్తుందో, లోపల దాచిన ఆ అంకె కనిపించింది. రెండు వందల పది.

బాబాయి ఉత్తరాలు పంచే సైకిల్ ఎత్తుగా ఉంటుంది. దాని చక్రాలు కూపీ నడుం దాకా వస్తాయి. మీటరు ఇంకా ఆ చక్రమే తిరుగుతోందనుకుంటోంది.

"ఎవరి కొలత చొక్కా ఎవరికి తొడిగావే," అంది అమ్మ, మళ్ళీ మిషన్ తొక్కుతూ.

కూపీ కాగితం మీద లెక్క వేసింది. మీటరు ముప్పై రెండు చూపించినప్పుడు అసలు తొక్కింది ఇరవై నాలుగు. సరిగ్గా నత్త గుండీలన్ని.

కూపీకి తల కొట్టేసినట్టయింది. చిల్లు కోసం ఆ పిల్ల జేబులో వేలు కూడా పెట్టింది కదా. మరోపక్క సరస్సు కళ్ళముందు మెదిలింది. మీటరు అంకె ఇప్పుడే సరిచేసి, నోటుబుక్కులో పాత లెక్క అలాగే ఉంచేస్తే ఎవరికి తెలుస్తుంది? మీటరు మాట టీచర్ నమ్మినా నమ్మొచ్చు. నత్త ఎలాగూ గట్టిగా మాట్లాడదు. కూపీ కాసేపు బటన్ మీద వేలుంచి కూర్చుంది. తర్వాత నోటుబుక్కు తెరిచి, ఆరు వారాల అంకెలన్నిటికీ అడ్డగీతలు కొట్టి, పక్కన సరైనవి రాయడం మొదలుపెట్టింది. ఏ అంకె చూసినా తగ్గింది. ఒక్కటీ పెరగలేదు.

శుక్రవారం బెంచీలో నత్త ఆ చివరికి జరిగి కూర్చుంది. కూపీ నోటుబుక్కు ఆమె ముందుకి తోసింది.

"నీ లెక్కే కరెక్టు. నా మీటరు బాబాయి చక్రంతో కొలుస్తోంది. ఊరికే నిన్ను అనుమానించాను. తప్పయిపోయింది."

నత్త ప్రతి పేజీ నింపాదిగా చూసింది. "నాకు కొండంటే భయమే. కానీ లెక్క తగ్గించలేదు," అంది. తర్వాత కొంచెం ఇటు జరిగింది.

టీచర్ కూడా పేజీలన్నీ చూసింది. "యాత్రకి పేర్లు ఇవ్వడానికి రేపొక్కరోజు ఉంది. నేనూ మీతో వస్తాను," అంది.

శనివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. కూపీ మీటరు ఇంట్లోనే వదిలేసింది. పద్నాలుగు రాళ్ళు అటు, పద్నాలుగు ఇటు. వచ్చేటప్పుడు కొండ ఎక్కుతుంటే టీచర్ పక్కనే తొక్కుతూ, "నిన్న ఏం తిన్నారో చెప్పండి," అంది. మాట్లాడుతూ ఎక్కగలిగితే ఒంట్లో ఇంకా ఊపిరి మిగిలి ఉన్నట్టని ఆవిడ నమ్మకం.

నత్త మెల్లగా తొక్కుతూ, పొద్దున టిఫిన్ నుంచి రాత్రి పెరుగన్నం దాకా వరసపెట్టి చెప్పింది. ఈసారి దిగి నడవలేదు. కూపీ "అన్నం" అని ఊపిరి పీల్చి, "పప్పు" అంది. ఆ తర్వాత మాట రాలేదు.

బడి గేటు దగ్గరికి చేరేసరికి ఇరవై ఎనిమిది అయింది. ఇంకా నాలుగు కావాలి. కాలవ పక్క రోడ్డు మీద రెండు రాళ్ళు ముందుకి, రెండు రాళ్ళు వెనక్కి. అంతా చదునే. కూపీ పెడల్ మీద కాలు పెట్టింది. కాలు గజగజ వణికింది. పంటి బిగువున తొక్కితే నాలుగూ అయిపోతాయేమో. మరి మూడో కొండ మీద?

కూపీ సైకిల్ దిగిపోయింది.

"నావి ఇరవై ఎనిమిదే టీచర్. నత్త వెళ్ళగలదు. యాత్రలో దానికి జంటగా మీరుండండి. నా వల్ల అది ఆగిపోకూడదు."

"ఈసారి ఎవరి మీద అనుమానం?" అంది టీచర్.

"నా కాళ్ళ మీద."

టీచర్ నీళ్ళ సీసా అందించి, "సరే, నేనే ఉంటాను," అంది. నత్త కూపీ వైపు ఒకసారి చూసి, ఒక్కతే కాలవ రోడ్డు మీదికి తిప్పింది. కూపీ గేటు మెట్టు మీద కూర్చుని, ఆ సైకిల్ చిన్నదై మలుపు దాటేదాకా చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంది.

కాసేపటికి నత్త చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది.

"ముప్పై రెండు," అంది, జేబులోకి చెయ్యి పెడుతూ.

"గుండీలు తియ్యక్కర్లేదులేవే," అని కూపీ నత్త నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, తన చేత్తోనే ముప్పై రెండు అని రాసింది.