బొలోన్యాలో ఖాళీ ఆదివారం

తిరుపతి బస్టాండు ఎదురుసందులో ఉన్న మునిరామయ్య ట్రావెల్స్‌లో మునికుమార్ యాత్రల గైడుగా పనిచేసేవాడు. చేతికి గడియారం, మెడలో విజిలు. ఆ రెండూ లేకుండా ఎదురొస్తే కన్నతల్లి కూడా అతన్ని గుర్తుపట్టదని ఆ వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఐదంటే ఐదుకు బస్సు కదలాల్సిందే. ఒకసారి డ్రైవరే అర నిమిషం ఆలస్యంగా వస్తే, డ్రైవర్ని కూడా వదిలేసి బస్సు పోయిందని ఒక మాట ఉంది. మరి బస్సు ఎవరు తోలారని మాత్రం అడగకూడదు.

అట్లాంటివాడి టేబుల్ మీద, అక్టోబరు వాన దంచికొడుతున్న ఒక సోమవారం పొద్దున, ఒక అమ్మాయి వచ్చి తడి గొడుగు దులిపింది. ఎర్రసిరాతో గళ్ళు గీసి రాసుకున్న కంచి ప్లాను కాస్తా ఏరై పారింది.

"మా యమ్మను కంచిలో వదిలేసి వచ్చింది మీరేనా?"

మునికుమార్ తలెత్తాడు. ఆ కళ్ళు చూడగానే అతని బుర్రలో ఉన్న టైములన్నీ కలగాపులగం అయిపోయాయి. నోరు మాత్రం అలవాటు తప్పలేదు.

"నాలుగు నిమిషాలు లేటు మేడం. విజిలు మూడుసార్లు వేసినా."

"ఆమె పట్టుచీర బేరమాడతా ఉన్నింది. మీ విజిలు వింటే అంగడాయన రేటు దించుతాడా?"

అమ్మాయి పేరు పవిత్ర, ఊరు వడమాలపేట. తల్లి వరదమ్మ బస్సు తప్పిన ఆ సాయంత్రం ఏదో పూల వ్యాను పట్టుకుని, మల్లెపూల బుట్టల మధ్య కూర్చుని ఇల్లు చేరింది. మొదటిరోజు చెప్పినప్పుడు అది పూల వ్యానే. మర్నాటికి పాల ట్యాంకరైంది. వారం తిరిగేసరికి పోలీసు జీపై, ముందు సైరన్ కూడా మోగింది.

గొడవ విని లోపలినుంచి ఓనరు మునిరామయ్య పరుగున వచ్చాడు. వరదమ్మకు ఏ ఆదివారమైనా సరే, కంచి బస్సులో ముందు సీటు ఉచితమని మాటిచ్చాడు. అది మా అమ్మకు సరే, ఆమె ఇల్లు చేరేదాకా ఫోను పట్టుకుని ఏడ్చిన నాకేమిస్తారని పవిత్ర అడిగింది. అడిగి, తనే చెప్పింది.

ఆమె పనిచేసేది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో. సీజనొస్తే బెంగుళూరా కాయల లారీలు మైలు పొడుగున నిలబడతాయి. గుజ్జు తీపి చూసి చూసి, మూడు నెలలు తల దువ్వుకోడానికి కూడా తీరిక ఉండదు. ఇప్పుడు ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కొత్త మిషను వస్తోంది. దాన్ని నడపడం నేర్చుకోడానికి ఆమెనూ, కూడా పనిచేసే మోహననూ మూడు వారాలు పార్మా అనే ఊరికి పంపిస్తున్నారు. ఆ మూడు వారాల్లో ఒకే ఒక్క ఆదివారం సెలవు. అక్కడినుంచి రైల్లో గంట దూరంలో బొలోన్యా అని, మన తాతల తాతలకు తాతలు పుట్టకముందు కట్టిన ఊరుంది. ఆ ఒక్కరోజుకు ప్లాను కావాలి.

"ఒకటే షరతు. ఆ పొద్దంతా నేను రిలాక్స్‌గా ఉండాల. ఆడ కూడా పరిగెత్తించినారంటే, వచ్చినాక మీ విజిలు బావిలో పారేస్తా."

మునికుమార్ కన్యాకుమారి దాటి ఎరగడు. కానీ ఆ మాట చెప్పేలోపే మునిరామయ్య సరేననేశాడు. కాణిపాకానికీ కాళహస్తికీ మధ్య బోర్డు మీద 'ఇటలీ' అని రాయడానికి చోటుందా అని అప్పుడే బయటికెళ్ళి చూస్తున్నాడు.

రెండురోజుల్లో మొదటి ప్లాను తయారైంది. దోమ దూరే సందు లేదు. తెల్లవారి మూడున్నరకు లేవవలెను. ఆరుకు పెద్ద చర్చి తలుపు ముందు లైనులో నిలబడవలెను. చూడవలసిన స్థలాలు పద్నాలుగు. భోజనానికి ఇరవై నిమిషాలు. చిట్టచివర, కింద గీత గీసి: చెప్పులు రైల్లోనే వదలవలెను.

పవిత్ర అది చదివి, యాత్రికులు కూర్చునే బెంచీ మీద కూలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివి మళ్ళీ నవ్వింది.

"రైలు పోతాది గదప్పా, నా చెప్పులు ఎత్తుకోని."

మునికుమార్ చెవులు ఎర్రబడ్డాయి. పదేళ్ళుగా ఏ గుడికి పోయినా చెప్పులు బస్సులోనే వదలమని ప్రతి ప్లాను కిందా రాసి రాసి, చెయ్యి దానంతటదే రాసేసింది. పవిత్ర అతని ఎర్రపెన్ను లాక్కుని ఐదు స్థలాలు కొట్టేసింది.

రెండో ప్లానులో తొమ్మిది మిగిలాయి. అందులో కొత్తగా ఒక గడి ఉంది. రిలాక్స్: మధ్యాహ్నం 2-10 నుంచి 2-25 వరకు.

"పదైదు నిమిషాలు కాగానే ఎవరన్నా విజిలేస్తారా?"

"లేదండీ. మీరే చూసుకోని లెయ్యాల."

ఇట్లా మూడో ప్లాను, నాలుగో ప్లాను. ఫోన్లో ఒక మెసేజితో అయిపోయే పనికి ఆమె ప్రతిసారీ వడమాలపేట నుంచి బస్సెక్కి వచ్చేది. ఫోన్లో పంపితే సరిపోతుందని అతనూ ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు. సందు చివర టీ బంకులో ప్లాను మీద పోట్లాట మొదలయ్యేది. సీజన్లో కాయలు తిని తిని మామిడిపండంటే తనకు కడుపులో తిప్పుతుందని ఆమె చెప్పేది. నిద్రలో కూడా తన చెయ్యి విజిలు వెతుక్కుంటుందని అతను చెప్పేవాడు.

మునికుమార్ ఫోన్లో వీడియోలు చూసి చూసి, బొలోన్యాలో పుట్టి పెరిగినవాడిలా తయారయ్యాడు. ఊరంతా ఎర్ర ఇటుకలేనట. ఇళ్ళ ముందు తిన్నెలకు కప్పులు వేసి, ఈ ఇంటి వసారాను ఆ ఇంటి వసారాకు కలిపేశారట. వానలో గొడుగు లేకుండా ఊరు ఊరంతా తిరిగి రావచ్చు. ఊరి చివర ఒక కొండ, కొండ మీద మేరీమాత గుడి, కిందినుంచి పైదాకా ఎండావానా తగలకుండా కప్పేసిన దోవ.

"ఆరువందల అరవై ఆరు కమానులు. అచ్చం మన అలిపిరి దోవే."

"అయితే ఈడే ప్రాక్టీసు చేద్దాం," అంది పవిత్ర. "బుధవారం అలిపిరికి రాండి."

మూడువేల ఐదువందల యాభై మెట్లు. అతని రికార్డు రెండుగంటలా ఐదు నిమిషాలు. మొదటి మెట్టు దగ్గరే పవిత్ర చెయ్యి చాచింది. అతను గడియారం విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుంది. మణికట్టు మీద తెల్లటి పట్టీ ఒకటి మిగిలింది. గంట విప్పేసిన ఎద్దులా అతను రెండడుగులు వేసి, చెయ్యి చూసుకుని, మళ్ళీ రెండడుగులు వేశాడు.

వాళ్ళ ముందు ఒక ముసలామె మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతోంది. అట్లాంటివాళ్ళను అతను వేలమందిని దాటిపోయాడు గానీ ఒక్కరి మొహమూ చూడలేదు. పవిత్ర ఆమెను దాటలేదు. వెనకాలే నడిచింది.

"ఈమె పైకి ఎప్పుడు చేరుతాదో," అన్నాడు మునికుమార్.

"చేరినప్పుడు."

అంతలో వాన. కప్పు మీద పడి, రెండు పక్కలా తెరలు కట్టినట్టు దిగింది. ఇద్దరూ ఒక మెట్టు మీద కూర్చుని, ఉప్పూకారం చల్లిన దోసకాయ ముక్కలు తిన్నారు. కారం ఎక్కువై ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. అతనివి కారం లేకుండానే.

అప్పుడు చెప్పింది పవిత్ర, తను తిరిగొచ్చిన వెంటనే పలమనేరు నుంచి ఒక సంబంధం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని. పాల వ్యాపారం, ఇరవైరెండు ఆవులు.

"మా యమ్మకు ఆవులు నచ్చినాయి."

"మీకు?"

"నాకు ఆవులెందుకు? నాకోసరం నాలుగు నిమిషాలు నిలబడేటోడు చాలు." అని అతని మొహంలోకి చూసింది. రెప్ప మీద ఒక్క వాన చినుకు నిలిచి ఉంది. పడనంటోంది.

మునికుమార్ గుండె గాలిగోపురమంత పెరిగి, పక్కటెముకల్లో ఇరుక్కుంది. ఏదో ఒకటి అనాలి. ఆ సమయంలో అతని నోట వచ్చిన మాట ఇది:

"టైమెంతయింది?"

వెలిగే దీపం మీద గిన్నె బోర్లించినట్టయింది ఆమె మొహం. సంచిలోంచి గడియారం తీసి అతని అరచేతిలో పెట్టింది.

"పదకొండూ ఇరవై. మీకు లేటవతాదేమో. దిగిపోదాం పాండి."

ఎందుకడిగాడో అతనికి తెలుసు. కానీ రోజును నిమిషాలుగా ముక్కలు చేసి నలభైమందికి అరిచి చెప్పగలిగిన ఆ నోటికి, దిగిన మెట్లన్నిటిలో ఏ మెట్టు మీదా ఆ ఒక్కమాట పెగల్లేదు.

పవిత్ర మళ్ళీ ఆఫీసుకు రాలేదు. ప్రయాణానికి ముందురోజు మోహన వచ్చింది ప్లాను కోసం. మునికుమార్ ఒక అంటించిన కవరు ఇచ్చి, బొలోన్యా రైలెక్కాకే విప్పమని చెప్పమన్నాడు. మోహన దాన్ని చెవి దగ్గర ఊపి చూసింది.

"ఏందిది, టిక్కు టిక్కు అంటాండాది. ఏర్‌పోర్టులో నన్ను పట్టుకుంటారా ఏంది?"

"ప్లానేనండీ," అన్నాడు, బోడి మణికట్టు జేబులో దాచుకుని.

రోజులు నత్తల్లా నడిచాయి. ఆ ఆదివారం రానే వచ్చింది. పొద్దున ఐదుకు కంచి బస్సులో ముందు సీటు మీద వైరుబుట్ట ఒళ్ళో పెట్టుకుని వరదమ్మ కూర్చుని ఉంది. కూతురు ఆడ తిరుగుతా ఉంటే నేనీడ తిరగకూడదా అని మునిరామయ్యకు ఫోన్ చేసి, మాటిచ్చిన సీటు వసూలు చేసుకుంది. మునికుమార్‌ని కిందినుంచి పైదాకా చూసింది.

"గడియారం యాడ నాయనా?"

"ఇచ్చేసినామ్మా."

"ఊఁ," అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

కంచిలో బస్సు నాలుగుకు కదలాలి. పోయినసారి సంగతి అందరికీ తెలుసు కాబట్టి, పావు తక్కువ నాలుగుకే జనమంతా వచ్చి కూర్చున్నారు, ముందు సీటు తప్ప. నాలుగైంది. మునికుమార్ విజిలు వెయ్యలేదు. పదినిమిషాలైంది. అరగంటైంది. ఒకాయన లేచి, పోయిన నెల ఇదే బస్సు కోసం తానూ పెళ్ళామూ చెరో కాలికి చెప్పు లేకుండా పరిగెత్తామనీ, ఈపొద్దు న్యాయం మారిపోయిందా అనీ నిలదీశాడు.

"మారిపోయిందప్పా," అన్నాడు మునికుమార్. "ముందు సీటు ఆమె రాలేదు. రానీండి."

వాన మొదలైంది. డ్రైవర్ని కదలొద్దని చెప్పి, అతను గొడుగు లేకుండానే దిగాడు. చీరల అంగళ్ళు రెండు చూశాడు. మూడోదానికి పోబోతూ, రోడ్డుకు అవతల కాఫీ హోటల్లోకి చూసి ఆగిపోయాడు.

కిటికీ పక్క టేబుల్. వరదమ్మ. ముందు మూడు ఖాళీ లోటాలు. వైరుబుట్టకు ఆనించి, సరిగ్గా బస్సు వైపుకు తిప్పి పెట్టిన ఫోను.

"దా నాయనా, కూర్చో," అంది వరదమ్మ. "నాలుగు నిమిషాలు సూద్దామనుకున్నా. నలభై దాటినా నువ్వు బస్సు కదిలించలా. నాకే నడుము పట్టుకునె."

ఫోను అతని వైపుకు తిప్పింది. వీడియో కాల్, అవతల ఫోను పట్టుకుంది మోహన. అందులో ఎర్రటి కమానులు ఒకదాని వెనక ఒకటి కొండెక్కుతున్నాయి. వాటి పక్కన వాన. కమాను కింద మెట్టు మీద కూర్చుని పవిత్ర. మోచేతి దాకా జారిన మగ గడియారం ఒకటి ఆమె చేతికుంది. రెండో చేతిలో అతని ప్లాను.

ఆ ప్లానంతా కలిపితే ఇంతే: 'పొద్దున రైలు. సాయంత్రం రైలు. మధ్యలో ఏమీ లేదు. వానొస్తే వసారాలుండాయి. ఆకలైతే అంగళ్ళుండాయి. కాళ్ళు నొస్తే కూర్చోండి, ఎవరూ విజిలెయ్యరు. చెప్పులు వేసుకునే ఉండండి.' దాని కింద చిన్న అక్షరాలతో: 'అలిపిరిలో టైమడిగింది పోదామని కాదు. నా బతుకులో ఆ నిమిషం ఎప్పుడొచ్చిందో రాసి పెట్టుకుందామని. గడియారం మీ దగ్గరే ఉండనీండి.'

"ఈ ముక్క ఆడనే చెప్పుంటే ఏం పోయింది?" అంది పవిత్ర.

"నోరు రాలేదు."

"సముద్రాలు దాటించి పంపడానికి మాత్రం వచ్చిందా?"

మునికుమార్ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. వరదమ్మ తన కొంగు చివర అతని చేతికందించింది. మధ్యాహ్నం బిడ్డ రైల్లోంచి ఫోన్ చేసి కాయితం చదివి వినిపించిందనీ, చదవడానికి ఒక నిమిషం, ఏడవడానికి పది నిమిషాలు పట్టిందనీ చెప్పింది. రాసేదెవరైనా రాస్తారు, నిలబడతాడో లేదో నేను చూస్తానని తనే ఈ కాఫీ పరీక్ష పెట్టింది.

"పలమనేరోళ్ళకు నేను ఫోన్ చేస్తాలే, ఆవుల్ని బాగా సూసుకోమని. బిడ్డ దిగినాక మీ యమ్మను పిల్చుకోని ఇంటికి రా. ఎన్నింటికి రావాలని మాత్రం అడగబాక."

అవతల బస్సు హారను మోగింది. కిటికీల్లోంచి నలభై తలలు బయటికొచ్చి ఇటే చూస్తున్నాయి.

"ఇప్పుడు అడగండి," అంది పవిత్ర ఫోన్లోంచి.

"ఏమని?"

"అలిపిరిలో అడిగిందే."

మునికుమార్ గొంతు సవరించుకున్నాడు. "టైమెంతయింది?"

పవిత్ర మణికట్టు తిప్పి చూసుకుంది. ఆ గడియారం ముళ్ళను ఆమె ఇటలీ టైముకు తిప్పలేదు. అది ఇంకా తిరుపతి టైమే చూపిస్తోంది.

"నాలుగూ నలభై నాలుగు," అంది. "రాసుకోండి."

హారను మళ్ళీ మోగింది. వరదమ్మ హోటలు గుమ్మంలోకి వచ్చి, బస్సు వైపు చెయ్యెత్తి చెప్పింది:

"ఇంకో నాలుగు నిమిషాలు ఆగండప్పా."