కొమ్మూ మండా కలిపిన ఫైల్

"పాలిష్ అయిందా?"

"ఇంకా ఉడుకుతనే ఉంది."

కోడ్ వర్డ్స్ కలిశాయి. ఆర్మూర్ మార్కెట్ యార్డులో, ముఖానికి టవల్ చుట్టుకుని పసుపు కూలీ వేషంలో ఉన్న ఏజెంట్ దీక్షిత ఇయర్‌పీస్ సర్దుకుంది. అవతల చీఫ్ నరహరి.

"విను. మన నీలవ్వ ఏండ్లకేండ్లు కాపాడిన పసుపు విత్తనం తమదేనని ఒక విదేశీ ముఠా కేసేసింది. ఆమె రుజువంతా మహిళా రైతుల సంఘం వెబ్‌సైట్‌ల ఉంది. ఇయ్యాల హియరింగ్‌ల ఆ సైట్ తెరిచి సూపాలె. బ్యాకప్‌లు ఎవరో లేపేసిండ్రు."

"అనుమానం ఎవలమీద సార్?"

"సంధ్యారాణి. సంఘం డెవలపర్. వేల్పూర్ పసుపు రైతు బిడ్డనని చెప్తది."

దీక్షిత టిఫిన్ డబ్బాతో యార్డులోనే ఉన్న సంఘం ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. డబ్బా అడుగున దాచిన బుల్లి కంప్యూటర్ లోపలి నెట్‌వర్క్‌లోకి దూరింది. లోపల కూలింగ్ గ్లాసెస్, పట్టుచీర, ఘాటైన సెంటు. సంధ్యారాణిని చూస్తే ఎవరైనా సినిమా షూటింగ్ అనుకుంటారు.

"పెద్దమ్మా, డేటాబేస్ మార్చినప్పుడల్లా ఒక మైగ్రేషన్ ఫైల్ రాసినం. కుప్పయినయి. అన్నీ కలిపి ఒక్కటి చేసిన. స్క్వాష్ అంటరు. ఫికర్ చెయ్యకు."

పక్క కుర్చీలో ఉన్న నీలవ్వ తలూపింది. దీక్షిత ఫోన్లో ఆ ఫైల్ తెరిచింది. నీటుగా ఉంది. కానీ ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది. పసుపు కొమ్ము, దాని తల్లిదుంప మండ రెండూ ఒకే గడిలో!

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ ఆ రెంటినీ విడివిడిగా ఉడకబెడతారు, విడివిడిగా ఆరబెడతారు, విడివిడిగానే అమ్ముతారు. పసుపు రైతు బిడ్డ కలలో కూడా కలపదు. అంటే ఈ ఫైల్ రాసిన చెయ్యి ఈ నేలది కాదు. మళ్లీ మొదటి నుంచి చదివింది. పాత పట్టికలు చెరిపెయ్, తర్వాత కొత్తవి ఖాళీగా కట్టు! అది నడిస్తే నీలవ్వ పేరే మిగలదు.

"సర్వర్ వైరు పీకెయ్!" ఆమె చెప్పింది విని నరహరి ఇయర్‌పీస్‌లో అరిచాడు.

"పీకితే సైటే బందైతది సార్. రుజువేం సూపిస్తం? ఫైల్ నడిచినట్టు రాసుకో, డేటాను మాత్రం ముట్టకు అని సర్వర్‌కు చెప్తున్న. ఫేక్ కమాండ్."

హియరింగ్ వీడియో మొదలైంది. సంధ్యారాణి వేలు ఎంటర్ మీద పడింది. అంతకు రెప్పపాటు ముందే దీక్షిత కమాండ్ చేరిపోయింది. తెరమీద పచ్చటి అక్షరాలు: అప్లైడ్.

"డన్," అని సంధ్యారాణి ఫోన్లో గుసగుసలాడి, నవ్వుతూ సైట్ తెరిచింది. తొలి వరుసలోనే నీలవ్వ పేరు! కింద కొమ్ము వేరుగా, మండ వేరుగా.

ఆమె నవ్వు ఆరిపోయింది. దీక్షిత లోపలికొచ్చి టవల్ విప్పింది.

"ఎవరు నువ్వు?"

"నందిపేట్ పసుపు రైతు బిడ్డను. నిజంగనే."

నీలవ్వ కుర్చీలోంచి లేచి, కెమెరా వైపు వేలు చూపించింది. "నా విత్తనం మీద నా పేరు చెరుపుతరా? ఎందరొస్తరో రాండ్రి! నేనీడనే ఉంట!"

నరహరి పంపిన ఎస్సై లోపలికొచ్చి సంధ్యారాణికి బేడీలు వేశాడు. నీలవ్వ అడ్డం నిలబడింది.

"జర ఆగు సారూ. ముందుగాల దీన్ని పసుపు కుప్ప కాడ కూసోబెట్టు. కొమ్మేదో మండేదో ఏరినంక తీస్కపో."

అలాంటి సెక్షన్ ఏదీ చట్టంలో లేనందుకు ఎస్సై నిజంగానే బాధపడ్డాడు.