ఐదు వందల ఇరవై కిలోమీటర్ల మాట

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. భూపాలపల్లి నుంచి కాటారం పోయే దారిలో ఒక చిన్న పల్లెలో కరెంటు పోయింది. కరెంటు పోవడం వార్త కాదు. పోవడానికి కారణం ఎర్రగా నిగనిగలాడుతూ ఓదెమ్మ ఇంటి ముందు నిలబడి ఉండటం వార్త.

అదొక కారు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి మూడు పాయింట్ ఏడు సెకండ్లలో చేరుకునే ఎలక్ట్రిక్ కారు. ఒక్కసారి చార్జింగ్ పెడితే ఐదు వందల ఇరవై కిలోమీటర్లు పోతుందని దాని రంగుల పుస్తకంలో రాసి ఉంది. ప్రస్తుతం గంటన్నర నుంచి అది ఒక్క అంగుళం కూడా కదల్లేదు. దాని పక్కలోంచి బయలుదేరిన నల్ల వైరు ఓదెమ్మ కిటికీలో దూరి, ఆమె కూలర్‌ను గెంటేసి, ఆ ప్లగ్గులో కూర్చుంది.

కారు పక్కన టై కట్టుకుని చెమటలు కక్కుతున్నవాడు చందు. హైదరాబాద్‌లో ఒక షోరూంలో ఈ కార్లు అమ్ముతాడు. సాయంత్రం నాలుగింటికల్లా కాటారంలో ప్రేమ్‌చంద్ అనే కాంట్రాక్టర్ ఇంటి ముందు ఈ కారు నిలబడాలి. ఆయన చూడాలి, మెచ్చాలి, కొనాలి. కొంటే చందు ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. కొనకపోతే ఏమవుతుందో మేనేజర్ పొద్దున్నే చాలా మర్యాదగా చెప్పి పంపించాడు.

నిండుగా చార్జింగ్ పెట్టుకుని బయలుదేరినవాడికి ఈ గతి ఎందుకు పట్టిందని మీరు అడగొచ్చు. స్టేషన్ ఘన్‌పూర్‌ను అడగండి. చందుది జఫర్‌గఢ్ పక్కన తండా. చిన్ననాటి స్నేహితులు ఆరుగురు ఘన్‌పూర్ రోడ్డు మీద కాచుకుని ఉన్నారు. మూడు పాయింట్ ఏడు సెకండ్ల ముచ్చట ఆరుగురికీ విడివిడిగా చూపించాల్సి వచ్చింది. ఒకడు కళ్లు మూసుకున్నానని చెబితే వాడికి రెండోసారి. ఆ తర్వాత పోయిన సమయాన్ని పట్టుకోవడానికి నూట ముప్పై వేగం, నలభై రెండు డిగ్రీల ఎండలో పద్దెనిమిది మీద ఏసీ. దారిలో చార్జింగ్ స్టేషన్ కనిపించింది కానీ అక్కడ రెండు కార్లు ముందున్నాయి. అంత వేగంగా పోయే కారు పెట్టుకుని వరసలో నిలబడటమేమిటని మనవాడికి నామోషీ అనిపించింది.

ఓదెమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద తాబేలు బొమ్మ వెలిగింది. చార్జింగ్ అడుగంటితే ఈ కారు తన గుర్రాలన్నిటినీ కట్టేసుకుని తాబేలు నడక నడుస్తుంది. ఆ సంగతి రంగుల పుస్తకంలో చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఎక్సెల్ బండి ఒకటి వచ్చి ఆగింది. దిగిన మనిషి తలకు హెల్మెట్, భుజానికి సంచి, చేతిలో కటింగ్ ప్లేయరు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పోయిన ఫ్యూజును చూసింది. అక్కడి నుంచి తీగ వెంబడి చూపు నడిపించుకుంటూ ఓదెమ్మ కిటికీ దాకా, కిటికీ నుంచి కారు దాకా, కారు నుంచి టై దాకా వచ్చింది.

"బిడ్డా, గీ కారు కరెంటు తాగబట్టి గంటన్నర. దాని దూప తీరలే, మా పంకలు బందైనయ్," అని ఓదెమ్మ ఫిర్యాదు చేసింది.

లైన్‌మెన్ హెల్మెట్ తీసింది. ఆమె ద్వాళి. చందు గుండె ఏ తాబేలు బొమ్మా చూపించకుండా ఒక్క సెకనులో వంద దాటింది.

"నమస్తే సార్," అంది ద్వాళి. "గీ వైరు మీదేనా?"

తండాల్లో పుట్టినవాళ్లకు ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటి. మహబూబాబాద్‌లో డిప్లొమా చదివిన మూడేళ్లూ ఈ ఇద్దరూ తండా భాషలోనే తిట్టుకున్నారు, నవ్వుకున్నారు, నోట్సులు మార్చుకున్నారు. ద్వాళి తండా భాషలో తిడితే అది కోపం కిందికే రాదు. తెలుగులో, అందులోనూ సార్ అని పిలిచిందంటే ఎంత కోపంగా ఉందో కొలవడానికి ఆమె సంచిలో మీటరు లేదు.

ఆ కోపానికి వయసు మూడేళ్లు. చివరి పరీక్ష రోజు చందు ఆమెతో అన్నీ పాసైపోతాననీ, ఆరు నెలల్లో ఉద్యోగంతో వాళ్ల తండాకు వచ్చి వాళ్ల బాపుతో మాట్లాడతాననీ చెప్పాడు. ఆ తర్వాత చందూ రాలేదు, అతని ఫోనూ మోగలేదు. నంబరే మార్చేశాడు.

"ద్వాళి, నువ్వు ఈడ..."

"గిది మూడు కిలోవాట్లు గుంజుతది సార్. ఈడ నాలుగు కూలర్లు తిరుగుడే గగనం. వైరు తియ్యిండ్రి."

ఆమె ఫ్యూజు కట్టింది. పంకాలు తిరిగాయి. ఓదెమ్మ కూలర్ తన ప్లగ్గు దగ్గరికి తాను పోయింది. మళ్లీ వైరు పెట్టుకోనివ్వమని చందు బతిమాలితే, ఒక కారు కోసం ఊరిని ఉడకబెట్టలేనని ద్వాళి తేల్చి చెప్పింది.

గంటన్నరలో కారు తాగింది అయిదు శాతం. మొత్తం ఆరు. కాటారం ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు. ఇరవై నాలుగు కిలోమీటర్లు పోతుందని కారే చెబుతోందని చందు తెరను చూపించాడు.

"దాని మాట నమ్మే కద సార్ ఈడిదాక వచ్చిన్రు," అంది ద్వాళి. తానూ కాటారమే పోతున్నానని, తన బండి వెనకాల రమ్మని, ముప్పై అయిదు దాటొద్దని, ఏసీ మాట మరిచిపొమ్మని చెప్పింది. "నన్ను దాటిన్రనుకో, నడి అడవిల ఆగుతరు. మళ్ల నేను రాను."

అలా బయలుదేరింది ఊరేగింపు. ముందు పాత ఎక్సెల్ బండి, వెనక మూడు పాయింట్ ఏడు సెకండ్ల కారు. వడ్ల ట్రాక్టరు దాటిపోయింది. ఆర్టీసీ బస్సు దాటిపోయింది, కండక్టర్ తల బయటపెట్టి కనుచూపు మేర దాకా చూస్తూనే పోయాడు. గొర్రెల మంద అడ్డం వచ్చిన చోట గొర్రెలాయన కారు పక్కనే నడుస్తూ, ఖరాబైందా అన్నా అని జాలిగా అడిగాడు. అద్దాలు దించుకుని టై విప్పేసిన చందు, లేదన్నా గిది గిట్లనే పోతది అన్నాడు. ఆ ఉద్యోగంలో చేరాక అతను చెప్పిన మొదటి నిజం అదే కావచ్చు.

సగం దూరం పోయాక గాలి లేచింది. మోదుగాకులు రోడ్డుకు అడ్డం పడి పరిగెత్తాయి. ఎండ ఎటో పోయి, పెద్ద పెద్ద చినుకులు కారు మూతి మీద టపటపా మోగాయి. ద్వాళి బండి పక్కకు ఆపింది. చందు కారు ఆపి, అవతలి తలుపు తెరిచాడు.

ఆమె వానను చూసింది, తెల్లటి తోలు సీటును చూసింది. "సీటు తడుస్తది సార్."

"తడవనీ."

కూర్చుంది. జడలోంచి నీళ్లు కారి సీటు నిజంగానే తడిసింది. ఏసీ లేదు కాబట్టి అద్దాలు మబ్బు పట్టాయి. ఇలాంటి సమయంలో తెలివైనవాడు నోరు మూసుకుంటాడు. మనవాడు సేల్స్ మనిషి. ఈ కారులో పదహారు స్పీకర్లున్నాయని, సీటు దానంతట అదే వీపు నొక్కుతుందని మొదలుపెట్టాడు. ఆమె అంతా విన్నది.

"అన్ని మంచిగున్నయ్. ఒకటి చెప్పుండ్రి. మీ పుస్తకంల ఆరు నెలలంటే ఎన్ని దినాలు?"

పదహారు స్పీకర్లూ మూగబోయాయి.

చందు స్టీరింగ్‌తో చెప్పినట్టుగా చెప్పాడు. "ఆరు సబ్జెక్టులు పోయినయ్. అన్ని పాసైత అని నీకు చెప్పినంక, ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

"తెలుసు. రిజల్టు గోడకు అంటించిన్రు. నీ పేరు నాకంటే ముందు మా దోస్తులే చూసిన్రు." సార్ పోయింది, మీరు పోయింది, తెలుగు మాత్రం పోలేదు. "ఫెయిలైనవని కాదు నా కోపం. నువ్వు వస్తవని మా బాపుకు చెప్పిన. ఆరు నెలలు తండాల ఏ బండి సప్పుడైనా బయటికొచ్చి చూసిండు. నేను చూడలేదా అంటే, నేను గూడ చూసిన."

ఆ మాటకు చందుకు ఏడుపొచ్చింది. అమ్మడానికి పనికొచ్చే ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. ఇకమీద ఎప్పుడూ అని ఏదో మొదలుపెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకో అయిదొందల ఇరవై చెప్పకు."

వాన వెలిసింది. ఆమె దిగిపోయి ఎక్సెల్ బండిని రెండు తన్నులు తన్ని స్టార్ట్ చేసింది. ఊరేగింపు మళ్లీ సాగింది.

కాటారంలో ప్రేమ్‌చంద్ ఇంటి ముందు ఆగేసరికి తెర మీద ఒక్క శాతం, పక్కన తాబేలు. గడియారంలో నాలుగుంపావు. ప్రేమ్‌చంద్ యాభై ఏళ్ల మనిషి. గేటు బయటికి వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కళ్లలోనే కొనేశాడు. ద్వాళిని ఆయన ఎరుగును, మా కరెంటు మేడమ్ అని కుర్చీ వేయించాడు. కారుకు ఇంటి కరెంటు సరిపోతుందో లేదో ఆమెనే అడగాలని ఆయన ముందే అనుకున్నాడట.

తర్వాత చందు వైపు తిరిగాడు. "తమ్మీ, మా పని కాడికి దినాం రెండు వందల ఎనభై పోయి వస్త. ఎండకాలం ఏసీ లేకుంటే నాతోని కాదు. గిది అయిదొందల ఇరవై పోతదట కదా. నిజమేనా?"

అవును సార్ అని రెండు మాటలు. మేనేజర్ నేర్పించినవి. చందు నాలుక చివర తయారుగా ఉన్నాయి. ఆ రెండు మాటలకు ఉద్యోగం పర్మనెంట్.

చందు ద్వాళి వైపు చూశాడు. ఆమె చాయ్ గ్లాసులోకి చూస్తోంది. వినడం లేదన్నట్టు కూర్చుంది కానీ, గ్లాసు నోటి దాకా పోకుండా మధ్యలో ఆగిపోయింది.

"పోదు సార్," అన్నాడు చందు. "గిది పందెం గుర్రం. జోరుగ తోలితే, ఏసీ పెడితే, మూడు వందలు దాటుడు కష్టం. మీ ఇంట్ల చార్జింగ్ పెడితే ఇరవై ఏడు గంటలు. మీరు దినాం పోతె దినాం నిండదు. గీ రోడ్ల మీద మూడు పాయింట్ ఏడు సెకండ్లతోని మీకు పని పడది. గోడకు పెట్టే పెద్ద చార్జరు వేయించుకుంటె, అప్పుడు ఆలోచన చేయండ్రి. ఇప్పుడు మాత్రం కొనకండ్రి."

ప్రేమ్‌చంద్ కారు చుట్టూ ఇంకోసారి తిరిగి వచ్చాడు. కార్లు అమ్మేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు కానీ, కొనొద్దని చెప్పేవాడిని చూడటం ఇదే మొదటిసారి. పెద్ద చార్జరు వేయించుకునే రోజు వస్తే నీకే ఫోన్ చేస్తానని చెప్పి, ఈ పూటకు మాత్రం వద్దన్నాడు. అంతలోనే మేనేజర్ ఫోన్ వచ్చింది. చందు జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతలి నుంచి వచ్చిన మర్యాదను ఇక్కడ రాయలేము.

కారు అలా ఎర్రగా, అందంగా, పనికిరాకుండా నిలబడింది. ప్రేమ్‌చంద్ మంచివాడు. తన ఇంటికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఉందని, నిండేదాకా పెట్టుకొమ్మని అన్నాడు. ద్వాళి ప్లగ్గు చూసింది, మీటరు చూసింది, తన చేత్తోనే వైరు పెట్టింది. తెర మీద లెక్క పడింది: ఇరవై ఏడు గంటలు.

చందు ఇప్పుడు ఎక్కడ పడుకోవాలో, రేపు ఏ ఉద్యోగానికి పోవాలో తెలియక వైరు వంక చూస్తూ నిలబడ్డాడు. ద్వాళి హెల్మెట్ పెట్టుకుంది. రెండడుగులు వేసింది. ఆగింది.

"బాపు, యాడి ఇప్పుడు నాతోటే ఉంటున్నరు. బాపు ఇంట్లనే ఉన్నడు. ఇరవై ఏడు గంటలు నువ్వు ఏడికీ పారిపోలేవు. బండెక్కు."

అమ్మను యాడి అనే ఆ తండా భాషలోనే ఆమె ఈ మాటలు అంది. మూడేళ్ల తర్వాత ఆ భాష చందు చెవిన పడింది. ఎక్సెల్ బండి వెనక సీటు మీద, ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని, బుద్ధిగా కూర్చున్నాడు.

ద్వాళి తండ్రి దస్రు గడప మీద బీడీ కాలుస్తున్నాడు. చందును పై నుంచి కింది దాకా చూశాడు. "ఆరు నెలలని చెప్పినోడివి నువ్వేనా?" అని అడిగాడు. చందు తల ఊపాడు. "ఇంక ఎన్ని సబ్జెక్టులు ఉన్నయ్?" చందు ద్వాళి వైపు చూడకుండానే, నాలుగు రాసేశానని, రెండు మిగిలాయని చెప్పాడు. దస్రు బీడీ ఆర్పి లోపలికి చూసి, అన్నం పెట్టమని కేకేశాడు. మన దగ్గర ఆశీర్వాదాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి.

మర్నాడు రాత్రి ఏడున్నరకు కారు నిండింది. తెర మీద ఐదు వందల ఇరవై మెరిసింది. ద్వాళి దాన్ని చూసి, "మూడు వందలు," అంది.

"రెండు వందల ఎనభై," అన్నాడు చందు. "ఏసీ లేకుండ."

అప్పుడు నవ్వింది ద్వాళి. నవ్వుతూనే మళ్లీ ఎప్పుడొస్తావని అడిగింది. చందు ఆలోచించాడు. అతనికి ఆలోచించడం అలవాటు లేదు కాబట్టి కొంచెం సమయం పట్టింది. అక్టోబర్లో పరీక్షలని, రిజల్టు చూసుకుని డిసెంబర్ ఆఖరుకు వస్తానని చెప్పాడు. ఒకవేళ పాస్ కాకపోతే, కాలేదని చెప్పడానికైనా వస్తానన్నాడు.

మేనేజర్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు, సర్వీసు సెక్షన్‌కు పంపాడు. అక్కడ నిజం చెప్పినా అమ్మకాలకు నష్టం లేదట.

డిసెంబర్ పన్నెండున కాటారంలో ద్వాళి ఇంటి ముందు భూపాలపల్లి బస్సు ఆగింది. బండి సప్పుడు విని దస్రు అలవాటు కొద్దీ గడప దాటి బయటికి వచ్చాడు. బస్సులోంచి మార్కుల కాగితం చేత్తో పట్టుకుని చందు దిగాడు. లోపలి నుంచి ద్వాళి పరిగెత్తుకొచ్చి, ఇంకా పంతొమ్మిది రోజులు ఉన్నాయి కదా, ఇప్పుడే వచ్చావేమని తండా భాషలో తిట్టింది.