తొమ్మిదో అంకె తేడా

"పన్నెండింటికి మంత్రిగారి సంతకం. ఇప్పుడు టైము పదకొండున్నర," చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "అఖాతంలో ఇనప పొడి చల్లడానికి విదేశీ ముఠా లైసెన్సు కొట్టేస్తోంది. సముద్రం ఎలా మారుతుందో లెక్కగట్టే మన కంప్యూటర్ మోడల్‌నే సాక్ష్యంగా చూపిస్తున్నారు. అందులో ఎవరో చెయ్యి పెట్టారు. రుజువు పట్రా."

ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ గొళ్ళెం కంప్యూటర్ సెంటర్ మూడో అంతస్తు చేరాడు. ఏ తలుపూ అతన్ని ఆపలేదు కనక ఆ పేరు పడింది. స్క్రూడ్రైవర్లో కెమెరా, బెల్టులో జామర్, గుండెల్లో దడ. ఆ అఖాతంలో ఇరవై ఏళ్ళుగా చేపలు పట్టేది అతని సొంత అన్న.

"ఏసీ నీళ్ళు కారుతోందా?"

"మూడు చోట్ల," కోడ్‌వర్డ్ చెప్పి తలుపు తీసింది సైంటిస్టు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇనుము పడితే నాచు విరగబడి పెరిగి, గాల్లో కార్బన్ మింగుతుంది, ఆ లెక్క చూపించి వాళ్ళు డబ్బు చేసుకుంటారు. చచ్చాక అడుక్కి దిగిపోతే మంచిదే. దార్లోనే కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ అంతా తినేస్తుంది. చేపలు ఊపిరాడక చస్తాయి."

"మోడల్ ఏమంటోంది?"

"అడుక్కే దిగుతుందంటోంది. నేను నమ్మను. కానీ సెట్టింగ్స్ ఫైల్లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మళ్ళీ నడపండి."

"నూరేళ్ళ సముద్రమయ్యా. తొమ్మిది రోజులు పడుతుంది."

గొళ్ళెం చుట్టూ చూశాడు. బాంబయితే కోయడానికి ఓ వైరుంటుంది. ఇక్కడ గోడ పొడుగునా మెషిన్లు గుయ్యిమంటున్నాయి, అతనేమో ఊరికే స్క్రూడ్రైవర్ పట్టుకు నిలబడ్డాడు.

సెంటు వాసన ముందొచ్చింది, వెనక ముత్యం వచ్చింది. గ్రాఫిక్స్ కన్సల్టెంటని పేరు. నిజానికి డబుల్ ఏజెంటు. ఇటు డిపార్ట్‌మెంటుకీ అటు ముఠాకీ పనిచేస్తుందని గొళ్ళేనికి తెలుసు, నిరూపించడమే చేతకాలేదు.

"ఫైలు చూశారుగా, కడిగినట్టుంది," అంది నవ్వుతూ.

"ఎవరు కడిగారు?" గొళ్ళెం సైంటిస్టు వైపు తిరిగాడు. "అంకె మార్చి, నడిపి, ఆనక మళ్ళీ సరిచేసి ఉంటే?"

సైంటిస్టు కుర్చీ లాక్కుంది. "అయితే ఆ నూరేళ్ళలో మొదటి ఒక్క రోజు నడిపితే చాలు. మా పద్ధతిలో అవే సెట్టింగులు ఇస్తే, అదే మెషిన్ మీద, చివరి అంకెదాకా అచ్చం అదే రావాలి. పాత రన్ మొదటి రోజు లెక్క నా దగ్గర దాచి ఉంది. మెషిన్ సిద్ధం చేసుకోడంతో కలిపి పది నిమిషాలు."

ముత్యం నవ్వు ఆగిపోయింది. ఫైలు సరిచేయడం తెలిసింది గానీ, ఈ పద్ధతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పది నిమిషాలూ గొళ్ళెం చేసిందేమీ లేదు. అన్న పడవని తలుచుకుంటూ గోళ్ళు కొరుక్కున్నాడు, అంతే. పదకొండూ యాభై తొమ్మిదికి స్క్రీన్ మీద అంకెలు పడ్డాయి. ఎనిమిది కలిశాయి. తొమ్మిదోది కలవలేదు.

"ఇంత చిన్నదా?"

"ఒక్క రోజుకి ఇంత. నూరేళ్ళకి చేపలన్నీ."

"చీఫ్, ఆపండి. రిపోర్టు దొంగది."

ఇయర్‌పీస్‌లో ఎవరో పరిగెత్తిన చప్పుడు. "పెన్ను కాగితానికి తగిలింది," అన్నాడు చీఫ్. "చుక్క దగ్గరే ఆగింది."

ముత్యం చేతులు చాపింది. "ఏ వైపు నుంచి అరెస్టో చెప్పు, దాన్నిబట్టి ఏడుస్తాను."

తొమ్మిది రోజులకి అసలు లెక్క తేలింది. ఇనప పొడి చల్లితే పదకొండేళ్ళలో అఖాతంలో ఆక్సిజన్ ఖాళీ. చల్లకపోయినా, నీళ్ళు వేడెక్కి నలభై ఏళ్ళలో ఖాళీ.

అదే సమయానికి అన్న ఫోను. "ముఠాని పట్టేశావటగా తమ్ముడూ. మా అమ్మాయి చుక్కాని పట్టడం నేర్చుకుంటోంది. ఇంక మనకేం భయం లేదుగా?"

"తర్వాత మాట్లాడతా అన్నయ్యా," అని పెట్టేశాడు. అబద్ధం చెప్పడమే ఉద్యోగమైనవాడికి ఆ ఒక్క అబద్ధం నోటరాలేదు.

చీఫ్ రిపోర్టు చదివి బల్ల గుద్దాడు. "నీళ్ళని వేడెక్కిస్తున్నది ఎవరు? పేరు చెప్పు, ఇప్పుడే ఎత్తుకొచ్చేద్దాం. కింద జీపు స్టార్ట్ చేసి, పొగ కక్కుతూ రెడీగా ఉంది."

"ముందు ఆ ఇంజన్ ఆపించండి సార్," అన్నాడు గొళ్ళెం.