తప్పంతా మాదే

"పదకొండుకి పేలుతుంది." చీఫ్ ముత్యాలయ్య టేబుల్ మీద మ్యాప్ పరిచాడు. "దొరవారిసత్రంలో శాంతి సభ. సరుకు సముద్రం మీంచి ఒక విదేశీ ముఠా పంపింది. మీట నొక్కేవాడు మాత్రం ఇక్కడివాడే. సభ ఆపితే ముందే నొక్కేస్తాడు. మీవాళ్లలో ఎవరైనా..."

"మావాళ్లంటే ఎవరు సార్?" అన్నాడు ఏజెంట్ పర్వేజ్.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

మూడేళ్ల క్రితం పులికాట్ సరస్సులో చేపల కోసం రెండు ఊళ్లు కొట్టుకున్నాయి. రెండువైపులా మనుషులు పోయారు. అధికారులు మాత్రం క్రైస్తవుల పాలెం ఒక్కదాని చేతే 'తప్పంతా మాదే' అని సంతకాలు పెట్టించారు. పడవలు లాక్కున్నారు. నీళ్లలోకి దిగొద్దన్నారు. ఆ కాగితానికి శాంతి ఒప్పందమని పేరు. ఇవాళ దాని వార్షికోత్సవం.

పర్వేజ్ ఐసు వ్యాపారి వేషంలో సభ దగ్గర ఆటో దిగాడు. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, ఘాటైన సెంటుతో రోజారమణి ఎదురొచ్చింది. ముఠాకి దూత. పర్వేజ్‌కి వేగు.

"ఐసు కరిగిందా?"

"ఉప్పు చల్లాం." పర్వేజ్ జవాబు సంకేతం చెప్పాడు.

"రూఫస్. ఆ పాలెంవాడే. కావలి కాలేజీలో హిస్టరీ లెక్చరర్," అంది పెదవులు కదపకుండా. "మైకు పక్కన, తెల్లచొక్కా. బాంబు వేదిక కింద. ఫోన్‌తో పేలుస్తాడు."

పర్వేజ్ ఐసుపెట్టెలో దాచిన, ఫోన్ సిగ్నళ్లు ఆపే జామర్ స్విచ్ వేశాడు. లైటు వెలగలేదు. పది యాభై తొమ్మిది. రూఫస్ ఫోన్ తీశాడు. పర్వేజ్ పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్నాడు. పచ్చలైటు. అదే క్షణంలో రూఫస్ నొక్కాడు.

ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. ఈలోగా పర్వేజ్ వేదిక మీదికి దూకి అతని మణికట్టు పట్టేశాడు.

"ముందు వరసలో బడిపిల్లోళ్లు ఉండారన్నా!"

"అదే బళ్లో మా పిల్లోళ్లని విడిగా కూచోబెట్టినప్పుడు ఎవురన్నా అడిగినారా?" అన్నాడు రూఫస్. "ఇరవయ్యేళ్లు పాఠం చెప్పినా. మొదటి ప్రపంచ యుద్ధం అయినాక జర్మనీ చేత తప్పంతా మాదేనని రాయించినారు. ఆ కసి మీద ఎవుడు ఎక్కి కూచున్నాడో, యూదుల్ని ఏం జేసినాడో క్లాసులో ఏడ్చుకుంటా చెప్పినా."

"అన్నీ తెలిసి కూడానా?"

"తెలిసి కూడా."

పర్వేజ్ బేడీలు వేశాడు.

బాంబు తీసేశాక సభ మళ్లీ మొదలైంది. మధ్యాహ్నానికల్లా కొత్త కాగితం తయారు. పాలెం అంతా ఇంకోసారి తప్పు ఒప్పుకోవాలి. ఈసారి వలలు కూడా అప్పగించాలి. ఎండలో ఆడామగా వరసకట్టి వేలిముద్రలు వేస్తున్నారు.

"శభాష్!" ముత్యాలయ్య భుజం తట్టాడు. "ఇక్కడ పని అయిపోయింది. నెల్లూరులో రూం ఖాళీ చేసి బయల్దేరు."

పర్వేజ్ ఆ వరస వైపే చూస్తున్నాడు.

"రూం ఉంచేస్తాను సార్. మళ్లీ రావాలిగా."